కిటికీ పక్క తుంటి

మా లెస్కొవాట్స్‌లో ఎవరికి ఏ జబ్బు చేసినా ముందు గాలిని తిడతాం, ఆ తరవాతే డాక్టరు దగ్గరికి పోతాం. పన్ను నొప్పా? గాలి తగిలింది. మెడ పట్టేసిందా? గాలి. పిల్లాడికి జ్వరమా? ఎవరో బుద్ధిలేని మనిషి తలుపూ కిటికీ ఒకేసారి తెరిచి ఉంటుంది. ఎదురెదురుగా రెండు తెరిచి ఉంటే వాటి మధ్య దూరే గాలిని సందుగాలి అంటాం. దానికి భయపడినంతగా మేం దేవుడికి కూడా భయపడం. ఎండాకాలం బస్సులో ఉడికి చస్తాం గానీ రెండో కిటికీ తెరవనివ్వం. నేనూ అంతే, నేనేదో తెలివైనదాన్ని అని చెప్పుకోను. కానీ జాగోర్క బతుకులో ఈ గాలి పేరు చెప్పి జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

జాగోర్క మగవాళ్ళ కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో ఇస్త్రీ ప్రెస్సు మీద పనిచేసేది. ఆ హాల్లో మూడు ప్రెస్సులు. కిటికీకి ఇటు జాగోర్క, అటు రుమెంక, గోడవార నేను. నా పేరు సావ్క. కోటు పరిచి, కింద ఉన్న తొక్కుడుబిళ్ళని కుడికాలితో నొక్కితే పై పలక దిగుతుంది, బుస్సుమని ఆవిరి లేస్తుంది. కుడికాలు తొక్కుతున్నంతసేపూ ఒంటి బరువంతా ఎడమకాలి మీదే. పొద్దున నిలబడితే సాయంత్రందాకా కొంగల్లా ఒంటికాలి మీద ఉండేవాళ్ళం. నా ప్రెస్సు తొక్కుడుబిళ్ళ ఎప్పుడో విరిగిపోతే, బాగు చేయించే దిక్కు లేక చేతికడ్డీ ఒకటి బిగించి ఇచ్చారు. భుజం లాగేస్తోందని నేను వాళ్ళని తిట్టని తిట్టు లేదు.

రుమెంక జాగోర్కకి కుమా. అంటే పెళ్ళిలో పక్కన సాక్షిగా నిలబడిన మనిషి, పుట్టిన పిల్లని చేతుల్లోకి తీసుకుని జ్ఞానస్నానం చేయించిన మనిషి. మాలో తోడబుట్టినవాళ్ళతో పోట్లాడితే పదిమంది నవ్వి ఊరుకుంటారు. కుమాతో పోట్లాడితే పాపం అంటారు. వీళ్ళిద్దరికీ పోట్లాట అనే మాటే తెలియదు మొదట్లో. శరత్కాలం వచ్చిందంటే రుమెంక పెరట్లో ఒకే పొయ్యి మీద ఇద్దరూ బస్తాలకొద్దీ ఎర్ర మిరపకాయలు కాల్చి, తొక్క తీసి, పచ్చడి చేసి సీసాల్లో పట్టేవాళ్ళు. మా మేస్త్రీకి ‘ఉడికిన దుంప’ అని పేరు పెట్టింది రుమెంకే. అతను హాల్లోకి రాగానే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కోట్ల మీదకి వంగిపోయేవాళ్ళు, నవ్వు ఆపుకోలేక.

అలాంటి ఇద్దరి మధ్యకి ఒక కిటికీ వచ్చింది. రుమెంకకి నెలసరి ఆగిపోయే వయసు వచ్చింది. ఉన్నట్టుండి మెడ నుంచి నెత్తిదాకా మంటలు లేచేవి. ఆవిరి హాల్లో ఆ మంటలు ఎలా ఉంటాయో పడినవాళ్ళకే తెలుసు. చెయ్యి చాపి కిటికీ తెరిచేది. అవతల తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కోట్ల బండ్లు తిరగాలి కదా. ఇంకేం, సందుగాలి.

“మూసెయ్యవే తల్లీ! నా తుంటి లాగేస్తోంది.”

“మూస్తే నేనిక్కడే ఉడికిపోతా. అప్పుడు నన్ను కూడా కోటుతోపాటు మడతపెట్టి అట్టపెట్టెలో పెట్టేద్దువుగాని.”

“ఈ వయసులో నీకు చల్లగాలి కావాల్సొచ్చిందా?”

“ఈ వయసులోనే కావాలే పిచ్చిదానా! నీకూ వస్తుందిలే, అప్పుడు అడుగుతా నిన్ను.”

మొదట్లో మేమందరం పగలబడి నవ్వేవాళ్ళం. తరవాత తరవాత జాగోర్క నవ్వడం మానేసింది. నొప్పి ఎడమ తుంటికి బయటిపక్కన. రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకుంటే చాలు, నిప్పు పెట్టినట్టు లేచి కూర్చునేది. బస్సు మెట్టు ఎక్కాలంటే పళ్ళు బిగించేది. చర్చిలో మేం నిలబడే ప్రార్థన చేస్తాం, అక్కడా నిలబడలేక గోడకి జారగిలబడేది. తొడ పక్కనుంచి మోకాలిదాకా సలుపు. ఆమె నిలబడే చోట ఆ ఎడమపక్కే కిటికీ వైపు ఉంటుంది. ఇంకేం సాక్ష్యం కావాలి? నేను కూడా చూసి తలూపాను. సారాతో మర్దనా చేసింది, క్యాబేజీ ఆకు కట్టింది, ఉన్ని పట్టీ చుట్టుకుంది. ఇన్ని చేసినా ఎదురుగా ఆ కిటికీ తెరిచే ఉందాయె.

ఒకరోజు జాగోర్క తిన్నగా ఉడికిన దుంప దగ్గరికి వెళ్ళింది. “హాల్లో అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. తాడో పేడో తేల్చండి” అంది. అతనికి ఇంతకన్నా ఏం కావాలి? తనకి ఆ పేరు ఎవరు పెట్టారో అతనికి తెలుసు. రుమెంకని నేలమాళిగలో ఉన్న పాత హాలుకి మార్చేశాడు. అక్కడ ప్రెస్సు ఉంది, ఆవిరి ఉంది, కిటికీ మాత్రం లేదు. ఒంట్లో మంటలు లేచే మనిషిని తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టినట్టే.

రుమెంక తన చెప్పులూ, కాఫీ గిన్నే సంచిలో వేసుకుంటూ జాగోర్క ముందు ఆగింది.

“నీ తుంటి బాగుపడితే నాకు చెప్పు కుమా,” అంది. “బాగుపడకపోయినా చెప్పు.”

“నీ మొహం కనపడకపోతే అదే బాగుపడుతుంది,” అంది జాగోర్క.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అని ఊరికే అన్నారా?  రుమెంక సంచి భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మాలో ప్రతి ఇంటికీ ఒక పుణ్యపురుషుడో పుణ్యవతో ఉంటారు. ఆ పుణ్యుల పేరున వచ్చే రోజు ఆ ఇంటి స్లావా, ఇంటి పండగ. స్లావాకి ఎవరినీ పిలవరు. పిలవడం తప్పు. తలుపు తెరిచిపెడతారు, రావాలనుకున్నవాళ్ళు వస్తారు, వచ్చినవాడు శత్రువైనా సరే, కూర్చోబెట్టి తినిపించాలి. రుమెంక వాళ్ళది పుణ్యవతి పేట్కా రోజు, అక్టోబరు చివర్లో. పెళ్ళయిన దగ్గర్నుంచి జాగోర్క ఆ పండగ తప్పలేదు. ఆ ఏడు వెళ్ళలేదు. మరుసటి ఏడూ వెళ్ళలేదు. కూతురి పెళ్ళి వచ్చింది. ఆ పిల్లకి జ్ఞానస్నానం చేయించిన చెయ్యి రుమెంకది, పెళ్ళిలోనూ పక్కన నిలబడాల్సింది ఆమే. జాగోర్క తపాలా ఆఫీసులో పనిచేసే ఎవరినో తెచ్చి నిలబెట్టింది. పెళ్ళిపిల్ల బోరున ఏడిచింది. ఊరంతా నోరు నొక్కుకుంది.

పోనీ నొప్పన్నా తగ్గిందా? హాల్లో కిటికీకి మేకులు కొట్టించారు. ఆ సంగతి నొప్పికి ఎవరూ చెప్పలేదు కాబోలు, ఇంకా పెరిగింది. కిటికీ మూశాక కూడా ఎందుకు నొప్పి అని ఒక్కరు అడగాలి కదా? అడగలేదు. గాలి అప్పటికే ఎముకలోకి దూరిపోయింది అన్నాం. మాకు అంత తేలిగ్గా సమాధానాలు దొరుకుతాయి.

చివరికి డాక్టర్ల దగ్గరికి బయల్దేరింది. మొదటాయన బల్ల అవతలనుంచి లేవనే లేదు. “నొప్పి తొడలోకి దిగుతోందా? అయితే వెన్నులో నరం నలుగుతోంది,” అని స్కానింగు ఫోటో రాశాడు. ఫోటోలో నడుం దగ్గర డిస్కు ఒకటి ఉబ్బి కనిపించింది. కనిపించాక ఇంకెవరు ఆగుతారు? నడుంలో సూదులు పొడిచారు. ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరు, ఇంకో ఫోటో, అదే డిస్కు. ఒక్కరంటే ఒక్కరు ఆమె లంగా పక్కకి జరిపి నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టలేదు. ఆఖరికి పెద్ద ఊళ్ళో ఆపరేషన్ చేశారు. వెన్ను కోసి, డిస్కు గీకి, కుట్లు వేసి పంపారు. కుట్లు మానాయి. ఎడమ పాదం మొద్దుబారింది. తుంటి మాత్రం ఎక్కడ నొప్పి అక్కడే. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో అప్పుడు చూశాను.

ఆపరేషన్ తరవాత ఒళ్ళు సరిచేసుకోమని కొండ కింద వేడినీళ్ళ ఊటల దగ్గరున్న ఆసుపత్రికి పంపారు. అప్పటికి జాగోర్క మొగుడు పోయాడు, కూతురు వేరే ఊళ్ళో కాపురం. తోడు నేను వెళ్ళాను. అక్కడ ఒక డాక్టరమ్మ, నెరిసిన జుట్టు, మెడకి పట్టు రుమాలు, పొట్టి మనిషి. మేం తెచ్చిన ఫోటోల కట్ట ఇచ్చాం. ఆవిడ దాన్ని తెరవకుండా కిటికీ అంచున పెట్టేసింది.

“ఇవి తరవాత చూద్దాం. ఎక్కడ నొప్పో చెయ్యి పెట్టి చూపించమ్మా.”

జాగోర్క అరచెయ్యంతా తుంటి పక్కన ఆనించింది.

“గజ్జలో కాదా?”

“కాదండీ.”

“మేజోళ్ళు నీ అంతట నువ్వే తొడుక్కోగలవా? కాలు మీద కాలేసుకుని?”

“తొడుక్కుంటానండీ. అందులో ఏముంది?”

“ఏముందంటే, కీలు పాడైతే నొప్పి గజ్జలో ఉంటుంది, మేజోడు తొడగడానికే ప్రాణం పోతుంది. నీకు కీలు బాగానే ఉన్నట్టుంది. ఎడమపక్కకి పడుకుంటావా?”

“ఆ పక్క పడుకుని ఎన్నేళ్ళయిందో డాక్టరమ్మా, మర్చిపోయాను.”

ఆవిడ జాగోర్కని కుడిపక్కకి పడుకోబెట్టి, ఎడమ తుంటి పక్కన పొడుచుకొచ్చే ఎముక బొడిపెని వేళ్ళతో వెతికి, బొటనవేలితో నొక్కింది. జాగోర్క పెట్టిన కేకకి నేను కుర్చీలోంచి లేచాను. “ఇక్కడ నొక్కితే నాకూ కాస్త నొప్పే, అంతమాత్రాన తేల్చకూడదు,” అంటూ ఆవిడ, “ఎడమకాలు పైకెత్తు, నేను కిందికి తోస్తాను, నువ్వు లొంగకు,” అంది. జాగోర్క ఎత్తింది గానీ నిలబెట్టలేకపోయింది. తరవాత లేపి నడుం వంచమంది, వెన్ను మీద తట్టింది, చివరికి గోడ పక్కన నిలబెట్టింది. “ఒక్క వేలు గోడకి ఆనించు, పడకుండా. ఇప్పుడు ఎడమకాలి మీద ఒంటికాలిన నిలబడు. అరనిమిషం. నొప్పి ఎప్పుడొస్తే అప్పుడు చెప్పు.”

అరనిమిషం దాకా ఎక్కడ? నాలుగు ఊపిర్లు తీసేసరికే జాగోర్క మొహం పాలిపోయింది. “అదే, అదే నొప్పి!” అంది. ఎత్తిన కాలివైపు నడుం కిందికి జారిపోయింది.

“నడుం వంచినా, వెన్ను మీద తట్టినా ఈ నొప్పి రాలేదు. ఒంటికాలి మీద బరువు పడితే వచ్చింది, నొక్కితే వచ్చింది, కాలెత్తితే వచ్చింది. మూడూ ఒకే చోటుని చూపిస్తున్నాయి,” అంది డాక్టరమ్మ. జిగురు పూసి, చేతిలో పట్టే స్కానింగ్ మిషను ఆ బొడిపె మీద తిప్పింది. తెర మీద నాకు మబ్బులు తప్ప ఏమీ కనపడలేదు. ఆవిడకి కనపడింది. పిర్ర కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే పట్టీ వాచి, కొంచెం చిరిగిందట. అది అంటుకునే చోటే నలిగిపోయిందట.

“మరి వెన్నులో డిస్కు?” అని నేనే అడిగాను, ఉండబట్టలేక.

“ఈ వయసులో మీకు ఫోటో తీసినా ఉబ్బిన డిస్కు కనిపిస్తుంది, నాకు తీసినా కనిపిస్తుంది. ఫోటోకి నొప్పి ఉండదు కదమ్మా, మనిషికి ఉంటుంది.” ఆవిడ జాగోర్క వైపు తిరిగింది. “ఏం పని చేసేదానివి? ఎలా నిలబడేదానివో చూపించు.”

జాగోర్క నిలబడి చూపించింది. లేని కోటు పరిచింది, కుడికాలు ఎత్తి లేని తొక్కుడుబిళ్ళ తొక్కింది. ఎడమ తుంటి బయటికి పొడుచుకొచ్చింది. ఎన్నో ఏళ్ళు నా ఎదురుగా నిలబడ్డ మనిషే, అదే నిలబడ్డం, నేను అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాను. నా తుంటిని కాపాడిన ఆ విరిగిన తొక్కుడుబిళ్ళ కూడా గుర్తొచ్చింది.

“ఇదే. ఇలాంటి ప్రెస్సు మీద పనిచేసే ఇంకొకావిడ కూడా వచ్చింది ఆమధ్య. ఆవిడా ఇలాగే నిలబడి చూపించింది. కాలికి కసరత్తు చెప్తాను, ఒక పక్కకి ఒరిగి నిలబడ్డం మానాలి. చాలావరకు తగ్గుతుంది. ముందే వస్తే ఇంకా తొందరగా తగ్గేది.”

జాగోర్క ఎత్తిన కాలు కిందికి దించింది. “మరి గాలి?” అంది.

“ఏ గాలి?”

“సందుగాలి. నా ఎడమపక్కన కిటికీ ఉండేది.”

“గాలికి పట్టీలు చిరగవమ్మా,” అంది డాక్టరమ్మ. అని లేచి, వెళ్ళి తన వెనక కిటికీ మూసేసింది. “అయినా మూసేస్తాలే. మెడ పట్టేస్తుంది.”

నాకు నవ్వొచ్చింది. జాగోర్కకి రాలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఊరు దగ్గర పడ్డాక, “సావ్కా, కిటికీ కాదటే,” అంది. “కిటికీ కాకపోతే నేను దాన్ని ఎందుకు పోగొట్టుకున్నట్టే?” అక్టోబరు వస్తోంది, పేట్కా పండగకి వెళ్ళి ఆ మాటే రుమెంకతో చెప్పు అన్నాను. నెలరోజులు కసరత్తు చేస్తూ, చెప్పాల్సిన మాటలు వల్లెవేసుకుంటూ గడిపింది. కుమా మళ్ళీ దక్కుతుందా లేదా, ఆమెకి అదొక్కటే ధ్యాస.

పండగనాడు ఇద్దరం కలిసి వెళ్ళాం. రుమెంక ఇంటి నిండా జనం, వంటావిరి, మధ్యలో కొవ్వొత్తి. మమ్మల్ని గుమ్మంలో చూసి రుమెంక ఆగిపోయింది. తరవాత స్లావా మర్యాద ప్రకారం చక్కెరా అక్రోట్లూ కలిపి ఉడికించిన గోధుమల పళ్ళెం ముందుకి చాచింది. జాగోర్క చెంచాడు తీసుకుని తింది. కూర్చున్నాం. సూప్ వచ్చింది, క్యాబేజీ చుట్టలు వచ్చాయి. స్లావా రోజు ఇంటి పెద్ద కూర్చోకూడదు, పొద్దుణ్ణుంచి రాత్రిదాకా నిలబడే వడ్డించాలి. రుమెంకకి మొగుడు లేడు, ఆ ఇంటికి పెద్ద ఆమే. నిలబడే ఉంది.

జాగోర్క తినడం ఆపింది. రుమెంక కాళ్ళవైపే చూస్తోంది. నేనూ చూశాను. ప్రతి ఏడూ వస్తున్నాను గానీ ఎప్పుడూ చూడలేదు. రుమెంక బరువంతా కుడికాలి మీదే వేసి నిలబడింది. ఎడమకాలి మీదకి బరువు వచ్చినప్పుడల్లా బల్ల అంచు పట్టుకుంటోంది. వంటింటి గడప ప్రతిసారీ కుడికాలితోనే ఎక్కుతోంది. అరచెయ్యి ఎడమ తుంటి పక్కకి దానంతటదే పోతోంది.

“నీకూనా?” అంది జాగోర్క, అందరి ముందూ.

రుమెంక పళ్ళెం కింద పెట్టింది. “నాకూ.”

“అక్కడ కిటికీ లేదు కదే.”

“లేదు. గోడలే. అందుకే నాకు తొందరగా అర్థమైంది, తిట్టుకోడానికి ఎవరూ లేరు కదా. కొండ కింద డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఒంటికాలి మీద నిలబెట్టింది. కసరత్తు చెప్పింది గానీ ప్రెస్సు మానలేక పూర్తిగా తగ్గలేదు.”

“ఎప్పుడు?”

రుమెంక చేతులు తుడుచుకుంది. “నీకు వెన్ను కొయ్యకముందు.”

జాగోర్క లేచి నిలబడింది, బల్ల పట్టుకుని. “నన్ను కోస్తున్నారని నీకు తెలుసా?”

“ఊరందరికీ తెలుసు.”

“నీకు తెలిసి కూడా... ఒక్క మాట! గోడవతల నుంచి అరిచినా సరిపోయేదే! ఎవరితోనన్నా కబురు పంపినా...”

“బాగుపడితే చెప్పు, బాగుపడకపోయినా చెప్పు అన్నాను నీతో,” అంది రుమెంక. గొంతు పెంచలేదు. “నా ఇంటికి పిలుపు అక్కర్లేదు. ఏటా ఈ రోజున తలుపు తెరిచే ఉంది. వస్తావని చూశాను. వస్తే చెప్దామనుకున్నాను. నా మొహం కనపడకపోతే బాగుపడతానన్నావు కదా కుమా. కనపడలేదు నేను.”

నెలరోజులు వల్లెవేసిన మాటలన్నీ వదిలేసి జాగోర్క కోటు అందుకుంది. కొంగలా ఒంటికాలి మీద నించుని నించుని ఇద్దరూ తుంటి పోగొట్టుకున్నారు, అది పని చేసిన పాపం. మిగతాదంతా ఈ ఇద్దరు మొండిఘటాలు చేజేతులా చేసుకున్నది. ఒకత్తె నోరు జారింది, ఇంకొకత్తె నోరు కట్టేసుకుంది. నాకు ఇద్దరినీ పట్టుకుని నాలుగు దులపాలనిపించింది. స్లావా కాబట్టి ఊరుకున్నాను.

జాగోర్క కోటు తొడుక్కుని బయటికి నడిచింది, మొద్దుబారిన పాదం ఈడ్చుకుంటూ. రుమెంక గుమ్మందాకా వచ్చింది. “మెడకి ఏదన్నా చుట్టుకో, బయట గాలిగా ఉంది,” అంది. జాగోర్క వెనక్కి చూడలేదు.

ఏడాది తిరిగింది. కసరత్తు వల్ల జాగోర్క తుంటి చాలావరకు నయమైంది, ఎడమపక్కకి తిరిగి పడుకోగలుగుతోంది. పాదానికి మాత్రం స్పర్శ రాలేదు, రాదట కూడా. పేట్కా పండగనాడు జాగోర్క ఇంటికెళ్ళి, “పద అక్కా,” అన్నాను. “తుంటికి క్షమిస్తాను సావ్కా,” అంది. “పాదానికి క్షమించలేను.” నేను ఒక్కదాన్నే వెళ్ళాను.

ఆ రోజు చలి గట్టిగా ఉంది. రుమెంక ఇంట్లో వంటింటి కిటికీ తెరిచి ఉంది, వీధి తలుపు బార్లా తీసి ఉంది. వచ్చినవాళ్ళందరూ భుజాలు ముడుచుకుని గొణుగుతున్నారు. “మూసెయ్యండమ్మా ఆ తలుపు, సందుగాలికి చస్తున్నాం,” అని ఓ ముసలాయన లేచాడు. రుమెంక వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడింది.

“ముయ్యకండి,” అంది. “ఇంకా ఒక మనిషి రావాలి.”

చీకటి పడేదాకా అక్కడే నిలబడింది, కుడికాలి మీద.